సాంచాల మోతలో నేర్చిన విద్య

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ముంబైలో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు తమ్ముణ్ణి జీతమిచ్చి డిఫెండర్‌గా పెట్టుకుంది. నవ్వుతూ మాట్లాడే ఆ కోచ్ మీద నాకు నమ్మకం లేదు. నిన్న తమ్ముడి మొదటి మ్యాచ్‌లో ఆట చూడకుండా అతని మూతినే చూస్తూ కూర్చున్నాను. పద్మనగర్ మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మోత మధ్య పెదవులు చూసి మాట పట్టుకోవడం మా ఇద్దరికీ నువ్వు నేర్పిందే కదా. జనం గోలలో అతను పక్కవాడితో, ఈ కుర్రాణ్ణి వచ్చే మ్యాచ్‌లో బయట కూర్చోబెడదామని హిందీలో అన్నాడు.

ఇంటికొచ్చాక తమ్ముడికి చెప్పాను.

"ఎరుకే అక్కా. నేను గూడ సూసిన. అందుకే ఆఖరుదాంక ఒక్కణ్ణి దాటనియ్యలే."

అప్పట్నుంచి నాకు ఒకటే అనుమానం. నిరుడు ఆసుపత్రిలో అద్దం అవతలి గదిలో డాక్టరు నీ గురించి నాతో చెప్పింది దాచి, బయటికొచ్చి, అద్దం ఇవతల నిలబడి మమ్మల్నే చూస్తున్న తమ్ముడితో "బాపు బాగైతడు" అన్నాను. వాడు నా మొహం చూడకుండా తలూపాడు.