చేతులతో పిలిచిన ఎనిమిది నెలలు

కుంఠా నాకా, సోలాపూర్
తేది 16-6-1994, గురువారం

పెంపక కుటుంబాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ఇంట పెరుగుతున్న చంద్రభాగ అను ఆరేండ్ల బిడ్డను సోమవారం నాడు తీసుకొనిపోవుట ఆపుట గురించి, బిడ్డలను పెంచేవారికి ఒక్కనాటితో ముగియని శిక్షణ ఇచ్చుట గురించి.

తమరు ఈ వాడలోని తెలుగు బడిలోనే చదివినారని విని తెలుగులో వ్రాస్తున్నాను. మరాఠీలో వేరొకరితో వ్రాయిస్తే నా తప్పు వారి మాటల్లో చిన్నదైపోతుంది. అది ఎంత ఉన్నదో అంతా తమకు తెలియవలెను.

ముందుగా జూన్ రెండో తారీకు పొద్దు గురించి తెలుపుకొంటాను. ఆ పొద్దు అన్ని పొద్దుల వంటిదే. అయిదింటికి స్నానం చేసి మార్కండేయుని పటం ముందు దీపం పెట్టినాను. ఏడింటికి నా తమ్ముడు సిద్ధరాములు కింది గదిలో నాలుగు మగ్గాలు నడిపించినాడు. మావి టవళ్లు నేసే పవర్‌లూములు. అవి నడిచినంత సేపు మా ఇంట్లో నోటి మాటకు పని ఉండదు. అన్నం అంటే నోటికి వేళ్లు. దారం తెగితే మణికట్టు తిప్పుట. నన్ను పిలువవలెనంటే మెడ చుట్టూ వేలు తిప్పి నా తులసిమాల చూపుట. నా మరదలు పద్మ పొయ్యి దగ్గరి నుండి నోటికి వేళ్లు చూపింది. చంద్రభాగ పోయి జొన్నరొట్టె, పల్లీల పొడి తెచ్చుకొని గడపలో కూర్చుంది. నడుమ మూడో మగ్గం ఆగితే అందరి కంటే ముందు తలెత్తి చూసింది అదే. ఎప్పుడూ అంతే. "దీనియి పాము చెవులు" అని పద్మ మురిసేది.

తొమ్మిదిన్నరకు కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగినవి. బిడ్డ రొట్టె పట్టుకొని గల్లీలోకి నడిచింది. నూలు తెచ్చిన టెంపో అప్పుడే వెనుకకు వస్తున్నది. డ్రైవరు హారన్ కొట్టినాడు. నేను పిలిచినాను. సిద్ధరాములు కేక వేసినాడు. బిడ్డ తిరుగలేదు. పద్మ ఉరికి చెయ్యి పట్టి గుంజింది. రొట్టె చక్రం కింద పడింది.

డ్రైవరు దిగి, "ఏంది బాయీ, పిల్ల చెవిటిదా? గింత హారన్ కొడ్తున్న గదా" అన్నాడు.

అతడు తిట్టినాడు. నాకది తిట్టుగా తోచలేదు. బిడ్డ వెనుక నిలబడి మూడుమార్లు పేరు పెట్టి పిలిచినాను. చప్పట్లు కొట్టినాను. అది చక్రం కింది రొట్టెనే చూస్తున్నది.

ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. పుట్టుక నుండే రెండు చెవులూ వినబడవని డాక్టరు వ్రాసి ఇచ్చినారు. మగ్గం ఆగితే బండ నేల అదురు ఆగుతుంది. అది బిడ్డ పాదాలకు తెలుస్తుందని మాకెవరికీ తోచలేదు. బిడ్డ మా ఇంటికి వచ్చి ఆనాటికి ఎనిమిది నెలలు.

ఇక మనవులు.

1. బిడ్డ నిరుడు ఆషాఢ ఏకాదశి జనంలో పండరిపురంలో ఒంటరిగా దొరికింది. ఏ ఊరో, ఎవరి బిడ్డో తెలియదు. అక్కడి ఏటి పేరే దానికి పెట్టినారు. మూడు నెలలు ఆశ్రమంలో ఉన్నది. "భయం వల్ల మాట్లాడదు" అని కాగితం మీద వ్రాసి మాకు అప్పగించినారు. అంతకు ముందు మా వంటి నలభై పెంపక కుటుంబాలకు ఒక పూట శిక్షణ జరిగింది. టీకాలు, బడిలో చేర్చుట, బిడ్డను కొట్టకూడదనుట. అన్నీ మంచి మాటలే. అందులో ఒకటి: "భయపడిన బిడ్డ మాట్లాడకపోవచ్చు. తొందర పెట్టకండి, ఓపిక పట్టండి." ఓపిక మాకు తెలిసిన పని. పట్టినాము. మాట్లాడని బిడ్డకు వినబడుతున్నదో లేదో ముందు చూడండని ఎవరూ చెప్పలేదు. నేనూ అడుగలేదు. రెండో శిక్షణ సంక్రాంతి తర్వాత అన్నారు, ఉగాది తర్వాత అన్నారు. నేటి వరకు జరుగలేదు.

2. తనిఖీకి వచ్చే పార్వతీబాయి గారు మంచివారు. అయిదుమార్లు వచ్చినారు. అయిదుమార్లూ మగ్గాలు నడుస్తున్నవి. బిడ్డను పిలువమన్నారు. చేతితో పిలిచినాను, వచ్చింది. "చెప్పినట్టు నడుచుకొంటుంది" అని వ్రాసుకొని పోయినారు. ఇప్పుడు వారే "ఎనిమిది నెలల్లో ఒక్కనాడన్నా అనుమానం రాలేదా, అంజమ్మతాయి?" అని అడిగినారు. రాలేదని ఒప్పుకొన్నాను. పద్మ ఊరుకోలేదు.

"తాయీ, మా ఆయనకు ఎడమ చెవి దిక్కు ఏం ఇనరాదు. ఈ గల్లీల నలబై దాటిన మొగోళ్లను ఎనక నుంచి పిలిచి చూడుండ్రి, ఎంతమంది తిరుగుతరో."

ఇది జవాబు కాదని నాకు తెలుసు. కాని మా ఇంట్లో బిడ్డ ఎట్లా దాగిపోయిందో ఇందువల్ల తమకు అర్థమవుతుంది. అది మా అందరిలాగే ఉన్నది.

3. జూన్ నాలుగున నేనే ఆఫీసుకు పోయి డాక్టరు కాగితం ఇచ్చి సంగతి చెప్పినాను. పద్నాలుగున నోటీసు వచ్చింది. "పెంపకంలో నిర్లక్ష్యం" అనీ, సోమవారం బిడ్డను దూరపు ఊరి వసతిగృహానికి పంపుతారనీ ఉన్నది. అక్కడ సైగల భాష తెలిసినవారు లేరని విన్నాను.

అయ్యా, నేను చెప్పకుంటే ఈ నోటీసు రాకపోవును. బిడ్డ మా వద్దనే ఉండును. ఇది నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి కాదు. మాతో శిక్షణకు వచ్చిన బాలమణి నిన్న గుడి దగ్గర నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"అక్కా, మా పిల్లగాడు నిద్రల లేసి గోడకు తల కొట్టుకుంటడు. ఆఫీసుల చెప్పాల్నా, వద్దా? చెప్తే తీస్కపోతరు గదా."

చెప్పమన్నాను. చెప్పమని వచ్చి జపానికి కూర్చుంటే మాల ముందుకు కదలలేదు. ఆమె నా మాట విని బిడ్డను పోగొట్టుకొంటే ఆ పాపం ఎవరిది? తమరు పంపిన నోటీసు కూడా ఒక శిక్షణే. నలభై కుటుంబాలూ దాని నుండి ఒకటే నేర్చుకొంటున్నవి, దాచుట.

4. శిక్షణ ఆగిపోయినందున మేము ఆగలేదు. విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే యల్లమ్మ కొడుకు చెవిటివాడు. ఊర్లోనే ఉన్న చెవిటి పిల్లల పగటి బడిలో ఎనిమిదేండ్లు చదివినాడు, వానితో పాటు ఆమె కూడా సైగలు నేర్చింది. జూన్ అయిదు నుండి రోజూ సాయంత్రం బిడ్డను తీసుకొని సిటీ బస్సులో ఆమె ఇంటికి పోయి ముగ్గురం సైగల భాష నేర్చుకొంటున్నాము. మొదటి రోజు ఆమె నవ్వింది.

"మీ మగ్గాల ఇంట్ల అందరు మూగోళ్లే గదనే అంజక్కా. ఇంకొకతి ఎక్కువైతే ఏమాయె."

బీడీ ఆకు పట్టిన చేతితో సైగ చేయుట కుదరదు గనుక మాకు ఒక్క మాట చెప్పుటకు ఆమె పని పక్కకు పెట్టవలెను. సిద్ధరాములు వేళ్లు మొద్దు. ఒకే సైగ పదిమార్లు చూపించుకొంటాడు. "రాములన్నా, నీకు నేర్పేతందుకు నా తట్ట నిండుతలేదు" అంటుంది. అయినా రావద్దనలేదు.

పదకొండు రోజుల్లో బిడ్డకు ఇరవై ఆరు మాటలు వచ్చినవి. ఎనిమిది నెలలు అది మా సైగలకు జవాబు ఇచ్చింది గాని ఏనాడూ ఏమీ అడుగలేదు. నిన్న తెల్లవారి నేను దీపం పెడుతుంటే పక్కకు వచ్చి, దీపం చూపి, "ఎందుకు" అని అడిగింది. నాకు యాభై నాలుగేండ్లు, పూజ చేసే ఇంట్లో పుట్టినదాన్ని, అయినా వెంటనే జవాబు చేతికి రాలేదు.

కనుక తమకు విన్నపమేమంటే, శిక్షణ బిడ్డ రాకముందు ఒకసారి ఇచ్చి వదిలివేయక, వచ్చిన తర్వాత నెలకొకమారు జరిపించవలెను. మరాఠీ రాని వారి కోసం తెలుగులోనూ చెప్పించవలెను. మా వాడ మగ్గాలకు శుక్రవారం సెలవు, ఆ రోజు పెడితే అందరూ వస్తారు. డాక్టరును పిలువండి. యల్లమ్మ వంటివారిని కూడా కుర్చీ వేసి పిలువండి. తప్పు చెప్పుకొన్నవారికి శిక్ష కాక దారి చూపండి.

5. నిర్లక్ష్యానికి శిక్ష తప్పదంటే నాకు వేయండి. అర్హత పత్రం నా పేరనే ఉన్నది, రద్దు చేసి మళ్లీ మొదటి నుండి నేర్పించి పరీక్ష పెట్టండి. ఎన్నిమార్లయినా కూర్చుంటాను. పగటి బడిలో చేర్చుకొనుట ఈ నెలాఖరు వరకే. బిడ్డ అక్కడ చదివి సాయంత్రం ఇంటికి వస్తుంది. ఇరవై ఆరు మాటలు తెలిసినవారి మధ్య నుండి తీసి, ఒక్క మాట తెలియనివారి చేతిలో మళ్లీ పెట్టకండి. పండరిపురం జనంలో అది ఒకమారు తప్పిపోయింది, చాలు.

బిడ్డ ముఖం ఒకసారి తలచుకొని ఈ మనవులు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎనగందుల అంజమ్మ

తా.క.: పైది మధ్యాహ్నం వ్రాసినాను. సాయంత్రం మగ్గాలు ఆపి అందరం కూర్చున్నాము. పద్మ బట్టల సంచి కట్టుకొని వచ్చింది.

"వదినె, నేను సిరిసిల్ల పోత. మా అమ్మగారింట్ల పిల్లను ఎవలు ఎతుకుతరు?"

"ఎన్నొద్దులు దాస్తవు?" అన్నాడు సిద్ధరాములు.

"పెద్దగయ్యేదాక."

"వాళ్లు వచ్చి అక్కను అడుగుతరు. అక్క అబద్ధం చెప్తదా?"

పద్మ నా వంక చూసింది. "చెప్పదు. గదే మన కర్మ" అన్నది.

ఈలోగా బిడ్డ సంచిని చూసి లోపలికి పోయి తన గౌను తెచ్చి అందులో పెట్టింది. అందరం ఊరికి పోతున్నామనుకొన్నది. తర్వాత పద్మ సంచి విప్పింది.

మేము నిశ్చయించుకొన్నది తెలుపుకొంటాను. బిడ్డను దాచము. సోమవారం మగ్గాలు బంద్ పెట్టి పదకొండు గంటలకు ముగ్గురం మేమే దానిని తమ ఆఫీసుకు తెస్తాము. తమ ఉత్తరువుకు అడ్డుపడము. అయితే దానిని మాకు చదివి వినిపిస్తే సరిపోదు, బిడ్డకు చెప్పవలెను. "ఉండు" అనవలెనంటే అరచెయ్యి బోర్లించి కిందికి రెండుమార్లు అదుముట. అంతే, సులువు. "వీరిని విడిచి పో" అనుటకు మా ఇంట్లో సైగ లేదు. దానిని మేము నేర్చుకోము, బిడ్డకు నేర్పము అని ముగ్గురం అనుకొన్నాము. ఆ మాటే చెప్పవలసి వస్తే తమరు ఎవరి వద్దనన్నా నేర్చుకొని, బిడ్డ ఎదుట కూర్చొని, తమ చేతులతోనే చెప్పవలెను.