సత్తెమ్మ వదిన, 'టేక్' అర్థాలు

ఆదివారం, 12 జనవరి 1964

మధ్యాహ్నం వదిన నోటుబుక్కు మూసేసింది. "నాతోని గాదు సుజాతా. రేపు మెట్రిక్ ఫారం ఇయ్యను," అంది.

తప్పు నాదే. 'టేక్' అనే ఒక్క మాటకు డిక్షనరీ చూసి పద్దెనిమిది అర్థాలు రాయించాను. కాలేజీలో పాఠం చెప్పినట్టే చెప్పాను. బళ్లో ఆయాగా చేస్తూ, పాసైతే చిన్న తరగతికి టీచరు కావచ్చని నలభై ఆరేళ్లకు ఆశపడ్డ మనిషికి అలాగా చెప్పేది?

సాయంత్రం బత్తాయిలకని మొజంజాహీ మార్కెట్‌కు బయలుదేరాం. రిక్షా ఎక్కుతూ ఆమే, "రిక్షా ఎక్కుడు గూడ టేకే గదా?" అంది. అబిడ్స్‌లో ఫోటో స్టూడియో కనబడగానే, "గాడ గూడ టేకే!" మార్కెట్‌లో ఒక బత్తాయి చేతిలోకి తీసుకుని నా మొహం చూసింది. పండ్లాయన, "కొంటరా, పరీక్ష పెడ్తున్రా?" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

బళ్లో పసిపిల్లలకు మాటలు నేర్పేటప్పుడు ఇట్లాగే వస్తువు ముట్టి చూపిస్తుందట. నాకెందుకు తట్టలేదో.

తిరుగుదారిలో ఇంకో నాలుగు పట్టుకుంది. ఇంటికొచ్చాక, "ఎన్నొచ్చినయ్?" అనడిగింది. పద్దెనిమిదిలో ఏడు, అన్నాను. "మిగిలినయి అడిగితే?" నాకూ అదే భయం. పరీక్ష పోతే ఆమె బళ్లోకి ఏ మొహంతో వెళ్తుంది? ఆశపెట్టింది నేనే కదా.

ఆమె మాత్రం పెన్ను అడిగి ఫారం మీద సంతకం పెట్టింది. "ఫేలైతే నిన్నే తిడ్త సూడు."

తిట్టనీ. రేపు ఫారం ఇవ్వడానికి నాంపల్లికి నేనూ వెంట వెళ్తాను.