ఓడ దిగిన పిల్ల

అన్నయ్యా,

సెలవులకొస్తానని రాసి, జ్వరంతో మద్రాసులోనే నువ్వు పోయి మొన్నటికి ఏడాదైంది. నిన్న మన నరసరావుపేట డేరా టాకీసులో ఇంగ్లీషు బొమ్మ వేస్తే అమ్మను తీసుకెళ్ళాను. నువ్వు మద్రాసు హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చుని చూసొచ్చి, మన వాకిట్లో మంచమెక్కి మాకు ఆడి చూపించేవాడివే, ఆ ఓడ కథే.

నేల మీద చాప వేసుకున్నాం. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా అమ్మ చుట్టుపక్కల వాళ్ళకి కథంతా ముందే చెబుతూ కూర్చుంది. "ఇప్పుడు చూడండి, ఆ పిల్ల ఓడ దిగి ఆ కుర్రాడి కాడికి పరిగెత్తుకుంటా వచ్చిద్ది."

పిల్ల దిగలేదు. ఓడ వెళ్ళిపోయింది. రేవులో కుర్రాడొక్కడే మిగిలాడు, డేరాలో దీపాలు వెలిగాయి.

అమ్మ చాప మీంచి లేవలేదు. "ఏందే ఇది? చివరి రీలు వెయ్యకుండా ఆపేశారు. పోయి అడుగు" అంది.

అడిగితే టాకీసాయన మర్యాదగానే చెప్పాడు. "బొమ్మ అంతేనమ్మా."

"మావోడు మద్రాసులో చూశాడయ్యా. ఆ పిల్ల వచ్చింది" అంది అమ్మ.

ఆ పిల్లను ఓడ దింపింది నువ్వేనని నాకప్పుడు తెలిసింది.

"పెద్ద హాల్లోనే మొత్తం వేస్తారమ్మా" అన్నాను. ఇంటికొచ్చాక అమ్మ ఆ చివరి రీలు నాచేత చెప్పించుకుంది. చెప్పాను గానీ, నీలా మంచమెక్కడం మాత్రం నావల్ల కాలేదు.

నీ చెల్లెలు