మేకల మందు అని వద్దన్నాను

ఏమండీ, సెల్లు ఇంట్లో పడేసి మిరప చేలో తిరిగే మొగుడికి చీటీ రాయక ఏం చేస్తాను? మన ఎర్రావుకు ఒళ్లంతా గడ్డలు లేచాయి, మేత ముట్టడం లేదు. చూస్తే లంపీ జబ్బులాగే ఉంది. పశువుల డాక్టరు గారిని తీసుకురావడానికి వినుకొండ వెళ్తున్నాను. దూడను వేరే పాకలో కట్టేశాను, ఎంత అరిచినా తల్లి దగ్గరికి వదలకండి. ఈగలూ దోమలూ వాలకుండా వేపాకు పొగ పెట్టండి.

పోయిన నెల టీకాలు వేసేవాళ్లు వస్తే, సీసా మీద మేకల మశూచి టీకా అని చదివి, "మాది ఆవండీ, మేక కాదు" అని నవ్వి పంపేసింది నేనే. "ఊళ్లో ఆవులన్నిటికీ లంపీ రాకుండా అదే వేస్తున్నారే" అని మీరంటే, "బీఎస్సీ చదివింది మీరా, నేనా?" అన్నాను.

ఇందాక ఎర్రావు మెడ నిమురుతూ, అత్తయ్య వింటుండగా పైకే అనేశాను: "ఆయన చెప్పిందే నిజం. తప్పు నాదేనే తల్లీ."