తొమ్మిది చీరల పొడవు

జనవరి 6, మంగళవారం

ప్రమీలక్క పాపకు బర్త్ సర్టిఫికెట్ కోసం జోన్ ఆఫీసుకు వెళ్లాను. మా గల్లీలో ఎవరికి ఆఫీసు పని పడినా సంగీతను పంపండి అంటారు. బి.కామ్ చదివేది నేనొక్కదాన్నే. మా ఇంట్లో అయితే బడికి పోయిన మొదటి మనిషిని నేనే.

లైన్ కదలలేదు. పక్క గోడకు మంచమంత మ్యాప్ అంటించి ఉంది. కింద గుజరాతీలో నోటీసు. ఇది మా ఏరియా డ్రాఫ్ట్ ప్లాన్ అట. ఏ జాగ దేనికి వాడాలో అందులో ఉందట. అభ్యంతరాలు, సూచనలు ఏమైనా ఉంటే ఈ నెల 31 లోపల రాసి ఇవ్వాలట. ఎవరూ చూడటం లేదు. ఒకాయన దానికే వీపు ఆనించి ఫోన్‌లో మునిగిపోయాడు. జరగండి కాకా అని జరిపి, సూరత్‌లో మా లింబాయత్ ఏరియా, అందులో మా గల్లీని వెతికాను. దొరికింది! వెంట్రుకంత సన్నగా. ఎంత సంతోషం వేసిందో. మ్యాప్ మీద మేమున్నాం.

తర్వాత గల్లీ చివర చూశాను. ఎండ జాగ ఉండాల్సిన చోట బూడిద రంగు గీతలు. పార్కింగ్ అని రాసి ఉంది.

సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోయి వచ్చేశాను. రేపు మళ్లీ పోవాలి.

జనవరి 7

ఎండ జాగ అని మేము పెట్టుకున్న పేరు. మా గల్లీలో ఇటు మూడంతస్తులు, అటు మూడంతస్తులు. చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ అందుతుంది. ఎండ పన్నెండు గంటలకు వచ్చి పావుగంటలో పోతుంది. గల్లీ చివర సర్కారు ప్లాట్ ఒకటుంది. అక్కడ మాత్రం పొద్దంతా ఎండే. అమ్మ, ప్రమీలక్క, ఎల్లవ్వ, మొత్తం నలభై మంది దాకా సేఠ్ కూలికిచ్చిన చీరల మూటలు పట్టుకుని అక్కడికే వస్తారు. వేలాడే దారాలు కత్తిరించాలి, రాళ్లు అంటించాలి, మడత పెట్టాలి. ఇంట్లో లైటు వేసుకున్నా దారం కనబడదు. పసిపిల్లలకు నూనె రాసి ఎండకు పడుకోబెట్టేది అక్కడే. నేను గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నది కూడా అక్కడే, చీరల డబ్బాల మీద చూసి.

అన్నం తినేటప్పుడు నాన్నకు చెప్పాను. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో పనిచేసి నాన్నకు సరిగా వినబడదు. పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. తను మాట్లాడితే మాత్రం మూడో అంతస్తుకు వినబడుతుంది. కార్ఖానాలో చేతులతోనే మాట్లాడుకుంటారు, ఇంట్లోనూ అదే అలవాటు. రెండు వేళ్లు విడదీస్తే దారం తెగింది అని. కరెంటు పోయినా, అమ్మకు కోపం వచ్చినా అదే గుర్తు. అరచెయ్యి ముందుకు తోస్తే, మిషన్ నడవనియ్యి అని.

పార్కింగ్ అనేసరికి సగం అన్నం వదిలి లేచి వెళ్లిపోయాడు. రెండు వేళ్లు కూడా చూపించలేదు.

జనవరి 8

అసలు సంగతి అమ్మ చెప్పింది.

నిరుడు వానలు తగ్గాక సర్వేవాళ్లు వచ్చారట. నేను కాలేజీలో ఉన్నాను. వాళ్లు గల్లీ మొదట్లో కొలుస్తుంటే, రాత్రి పాళీ చేసి పడుకున్న నాన్న లేచి ఎండ జాగకు ఉరికాడట. సర్దుండ్రి, జల్ది సర్దుండ్రి, ఎవ్వలు కనబడొద్దు అన్నాడట. పది నిమిషాల్లో నలభై మంది మాయం. ఎల్లవ్వ అయితే ఊడ్చి నీళ్లు కూడా చల్లిందట. ముగ్గు ఒక్కటే తక్కువ అంది అమ్మ. ఇక్కడ ఏముంది అని సర్వేవాళ్లు అడిగారు. ఏం లేదు సాబ్, ఖాళీ జాగ అన్నాడు నాన్న. వాళ్లు డ్రోన్‌తో పైనుంచి ఫోటో తీసుకుని పోయారు.

అట్లా ఎందుకు చెప్పాడు అని అడిగాను. నేను పుట్టకముందు అమ్మానాన్న రైలు పట్టాల పక్కన గుడిసెలో ఉండేవాళ్లట. ఎవరో వచ్చి తలుపు మీద నంబరు రాసుకుపోయారు. పన్నెండో రోజుకు గుడిసె లేదు. అప్పటిసంది మీ నాయినకు ఒకటే లెక్క, రాసుకున్నరంటే పోయినట్టే అని అమ్మ అంది.

అంటే మ్యాప్ వేసినవాళ్ల తప్పేం లేదు. మేము లేమని మేమే చెప్పాం. ఊడ్చి మరీ చెప్పాం.

జనవరి 9

ఎండ జాగలో మీటింగ్ పెట్టాను. మీటింగ్ అంటే నేను నిలబడ్డాను, వాళ్లు దారాలు కత్తిరిస్తూనే ఉన్నారు. అభ్యంతరం రాసి ఇద్దాం, అందరూ సంతకాలు పెట్టండి అన్నాను. నాన్నతో పనిచేసే బుచ్చిరాములు కాక గోడకు ఒరిగి, జరుగుండ్రి జరుగుండ్రి, కలెక్టరమ్మ వచ్చింది అన్నాడు. పేరు రాసిచ్చినోళ్ల ఇల్లే ముందుగాల కూలుతది, సూస్కోండ్రి అని కూడా అన్నాడు.

కత్తెరలు ఆగిపోయాయి.

ఎల్లవ్వ తల ఎత్తకుండానే, నీ పేరు రాసుకుని వాళ్లేం జేసుకుంటర్రా బుచ్చీ, నీ పెండ్లామే ఆ పేరు నోట్లకెల్లి తియ్యది అంది. అందరూ విరగబడి నవ్వారు. మొదటి వేలిముద్ర ఎల్లవ్వదే. సాయంత్రానికి అరవై మూడు అయ్యాయి. ఆఖరున బుచ్చిరాములు కాక కూడా వచ్చి, చిన్నగ రాసుకో, పెద్దగ కనబడొద్దు అని సంతకం పెట్టాడు.

నాన్నది లేదు.

జనవరి 14

ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి. రోజంతా మేడ మీదే. మూడు పతంగులు కోశాను. మెడ తిరగడం లేదు.

జనవరి 18, ఆదివారం

మేమిచ్చిన అభ్యంతరం ఫారం నిన్న తిప్పి పంపారు. వాడుకలో ఉన్న జాగ పొడవు, వెడల్పు రాయలేదట.

పొద్దున్నే టైలర్ దగ్గర టేపు తెచ్చాను. ఒకటిన్నర మీటరు. ఇరవై సార్లు వేసేసరికి లెక్క తప్పాను. మళ్లీ మొదటికి. అమ్మ మూడోసారి దాకా ఓపిక పట్టింది. తర్వాత, ఓ బి.కామ్, జర లే అంది. చీర ఎంతుంటది అని నన్నే అడిగింది. బ్లౌజ్ పీస్‌తో కలిపి ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు అన్నాను. అమ్మది రోజూ మూటలకు మూటలు మడిచే చెయ్యి. జానెడు తక్కువ పడిన చీరను ముట్టుకుని పక్కన పెట్టేస్తుంది. నాకెందుకు తట్టలేదో!

సేఠ్ చీరలు నేల మీద వేస్తే మాసిపోతాయి. కాబట్టి గాలిలోనే పట్టుకోవాలి. ఒకరి చేతిలో ఈ చీర కొంగు, ఇంకో చీర అంచు. ఆ కొసన గోడ, ఈ కొసన కరెంటు స్తంభం. పది మంది కావాలి, అంత పొద్దున్నే తొమ్మిది మందే ఉన్నారు. బుచ్చిరాములు కాక అటు పోతుంటే అమ్మ పిలిచి గులాబీ రంగు కొంగు చేతిలో పెట్టింది. ఛీ ఛీ, ఎవలన్న సూత్తరు అన్నాడు గానీ వదల్లేదు. గట్టిగ గుంజు, నీ మగ్గం మీద పడుగు లెక్క ఉండాలె అని ఎల్లవ్వ అరిచింది. గాలికి గులాబీ, చిలకపచ్చ, పసుపు, నీలం అన్నీ ఒకేసారి లేచాయి. ఎదురు మేడ మీద నుంచి ఎవరో, పెళ్లా అని హిందీలో అడిగారు. అవు, జాగకు పెండ్లి అంది ఎల్లవ్వ.

పొడవు తొమ్మిది చీరలు. వెడల్పు అయిదు చీరలు, ఒక బ్లౌజ్ పీస్.

ఫారంలో మీటర్లు రాశాను. పక్కనే చీరలు కూడా రాశాను. అబద్ధం రాయకూడదు కదా, కొలిచింది వాటితోనే.

నాన్న దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి, బొటనవేలు ముందుకు చాపాడు. మిషన్ నూనె మరక పడితే కాగితం చెల్లదేమోనని సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాడట. సంతకాలు ఇప్పుడు అరవై నాలుగు.

జనవరి 20

ఫారం తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. దాన్ని లామినేషన్ చేయించమని ఎల్లవ్వ పట్టుబట్టింది. చేయించాను.

ఫిబ్రవరి 10

ఈ రోజు అభ్యంతరాలు వినే రోజు. నా నంబరు 41. ముందున్నవాళ్లందరికీ వకీళ్లు, లావుపాటి ఫైళ్లు. నా దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్. నాన్నకు డ్యూటీ, ఒక్కదాన్నే వెళ్లాను.

అధికారి ఒక మేడమ్. నలభై ఏళ్లు ఉంటాయి, నూలు చీర. స్క్రీన్ మీద డ్రోన్ ఫోటో చూపించింది. ఎంత శుభ్రంగా ఉందో! ఎల్లవ్వ చీపురు గీతలు కూడా కనబడుతున్నాయి. ఇక్కడ ఎవరూ లేరు కదా, సర్వేలో కూడా ఖాళీ అని మీవాళ్లే చెప్పారు కదా అని అడిగింది. ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. అడిగితే నాన్న పేరు చెప్పాల్సి వచ్చేది. మేమే దాక్కున్నాం మేడమ్ అన్నాను. ఎందుకు అంది. రాసుకుంటే పోతుందని భయపడ్డాం అన్నాను.

ఆమె ఫారం తిప్పింది. నవ్ సాడీ, తొమ్మిది చీరలు, అని చదివి, మళ్లీ చదివింది. పక్కనున్న భాయిని మ్యాప్‌లో పొడవు ఎంతుందో చూడమంది. యాభై ఏడు మీటర్లు. మాది యాభై ఆరు పాయింట్ ఏడు. ఆమె ఇంత పెద్దగా నవ్వింది. సూరత్‌లో చీరను మించిన టేపు ఏముంది బెన్ అంది.

కానీ ఒట్టి కాగితం చూసి మార్చలేనంది. 18న పదకొండు గంటలకు తనే వస్తుందట. ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు, రోజూ ఎట్లా ఉంటుందో అట్లా చూపించు అంది.

అంతే కదా. రోజూ ఉన్నట్టు ఉండాలి. అదొక్కటే మాకు రాదు.

ఫిబ్రవరి 17

ఊడ్వొద్దు అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఇంటికి సుట్టమొస్తె ఊడ్వకుంటెట్లనే అని ఎల్లవ్వ కొట్లాడింది.

ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 2 గంటలు

మర్చిపోకముందే రాసేస్తాను.

పదకొండుకు పది నిమిషాలు ఉందనగా తెల్ల జీపు గల్లీ మొదట్లో తిరిగింది. అంతే. ప్రమీలక్క పాపను చంకన వేసుకుంది. అమ్మ, మా అమ్మే, మూట ముడి వేస్తోంది. ఎల్లవ్వ చీపురు అందుకుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. జీపు కనబడితే వాళ్ల చేతులు వాటంతట అవే సర్దేస్తాయి. ఇంకో అయిదు నిమిషాలైతే మళ్లీ ఖాళీ జాగే. కూర్చోండి, కూర్చోండి అంటున్నాను. నా గొంతు నాకే వినబడటం లేదు.

అప్పుడు వెనక నుంచి నాన్న. రాత్రి పాళీ దిగి పడుకోకుండా వచ్చి నిలబడ్డాడు, నేను చూడలేదు. ఎవ్వలు లేవద్దు! కూసోండ్రి! అని అరిచాడు. పావురాలు లేచిపోయాయి. నలభై మందీ కూర్చున్నారు. నిలబడి ఉన్న బుచ్చిరాములు కాక కూడా కూర్చున్నాడు. ప్రమీలక్క పాప కూడా ఏడుపు ఆపింది.

మేడమ్ వచ్చింది. నాన్న వైపు చూశాను. అరచెయ్యి ముందుకు తోశాడు. నడవనియ్యి.

చెప్పాను. అంతా చెప్పాను. మేడమ్ చెప్పులు విడిచి అమ్మ పక్కన కూర్చుంది. చీర మీద దారం ఎక్కడ కత్తిరించాలో అడిగింది, అయినా తప్పు చోట కత్తిరించింది. ఎల్లవ్వ తెలుగులోనే, నీకు ఇంకా మస్తు నేర్పాలె బిడ్డా అంది. నేను అనువాదం చేయలేదు. ఆమెకు అర్థమైనట్టే ఉంది.

అప్పుడు నాన్న ముందుకు వచ్చాడు. తన హిందీలో, నిరుడు ఖాళీ అని అబద్ధం చెప్పింది నేనే, వీళ్ల తప్పు లేదు, ఏదైనా రాసుకునేది ఉంటే నా పేరు రాసుకోండి అన్నాడు. మెల్లగా చెబుతున్నా అనుకున్నాడు. గల్లీ అంతా విన్నది.

సరే భాయి, మరి ఈసారి సరిగ్గా చెప్పండి, ఇక్కడ ఏముంది అని అడిగింది మేడమ్.

నాన్న చుట్టూ చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క మంది ఆడవాళ్లు. ఆరుగురు పసిపిల్లలు. ఎండబెట్టిన మిరపకాయలు. నడవలేని ఆగయ్య తాత కుర్చీ. బతుకమ్మ ఆడేది ఈ మూల. నా వైపు చూసి, మా బిడ్డ చదువుకున్నది ఆ గోడ కింద అన్నాడు. వేళ్లు అయిపోతే మళ్లీ మొదటి వేలికి వచ్చాడు. మేడమ్ ఆపలేదు. అన్నీ రాసుకుంది. నాన్న ఆమె పెన్ను వైపే చూస్తూ నిలబడ్డాడు.

పోయే ముందు, చీరతో ఎట్లా కొలిచారో చూపించమంది. గులాబీ చీర ఒక కొస ఆమె, ఇంకో కొస నాన్న పట్టుకున్నారు.

మార్చి 9

కొత్త మ్యాప్ రాలేదు. గోడ మీద పాతదే.

మార్చి 27

పాతదే.

ఏప్రిల్ 24, శుక్రవారం

వచ్చింది! ఆకుపచ్చ! లోపల గుజరాతీలో ఖుల్లీ జగ్యా, అంటే ఏమీ కట్టకుండా వదిలే జాగ, అని రాసి ఉంది. రోడ్డు వైపు ఒక చీర మేర పోయింది. మిగిలిందంతా ఉంది. లైన్‌లో ఉన్నవాళ్లకు వినబడేలా రెండుసార్లు చదివాను.

సాయంత్రం ఆఫీసు మూసే లోపల నాన్నను పట్టుకుపోయాను. మ్యాప్‌కు మళ్లీ ఎవరో వీపు ఆనించి నిలబడ్డారు. జర జరుగు భాయ్, మా ఎండ మీద ఒరిగినవు అన్నాడు నాన్న. లోపల టేబుల్ దగ్గరున్నవాళ్లు కూడా లేచి చూశారు.

ఏది అని చేతితో అడిగాడు. ఆయన వేలు పట్టుకుని ఆకుపచ్చ మీద పెట్టాను. చాలాసేపు తీయలేదు.

మే 3

జనాభా లెక్కల కోసం ఇళ్ల వివరాలు రాసుకునే టీచరమ్మ వచ్చింది. ఇంట్లో ఏమేం ఉన్నాయి అని అడిగింది. నాన్న ఆమెను కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. టీ రెండుసార్లు చల్లారింది. ఇప్పుడు ఎండ జాగకు తీసుకుపోయాడు, అది కూడా రాసుకొమ్మని.