పులిచింతాకు మీద నీలిదీ గోధుమదీ

రాజపాళయం

నాన్నగారి పాదాలకు జానకి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం, దిగులు పడకండి. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో ఈసారైనా రాయండి. పోయిన ఉత్తరం నిండా చెల్లాయి రాజ్యం సంగతే రాశారు.

గడ్డిలో తిరిగే ఆ గోరంత సీతాకోకచిలుకల్లో నీలిది ఒక జాతి, గోధుమది వేరే జాతి అని రాజ్యం కనిపెట్టిందట. మీ బొమ్మల పుస్తకంలో రెండింటినీ వేరువేరు పేజీల్లో వేసి, కింద దాని పేరు కూడా రాశారట. పెళ్లయ్యేదాకా మీ వెంట కాలవ గట్టంతా తిరిగాను కదా, నా పేరు ఒక్క పేజీలోనైనా రాశారా? కుళ్లు అంటారా, కుళ్లే. ఆ పూట అన్నం సహించలేదు.

మిల్లు కూత వినపడగానే మీ అల్లుడుగారు వెళ్లిపోతారు. పలకరించేది పక్కింటి అవ్వ ఒక్కతే. ఏమీ తోచక నూతి పక్క పులిచింతాకు దగ్గర కాపు కాశాను. గోధుమది ఒకటి వచ్చి, ఆకు కింద ఆవగింజ కన్నా చిన్న గుడ్లు పెట్టి పోయింది. ఆకులతో సహా గాజు సీసాలో వేసి పల్చటి గుడ్డ కట్టాను.

అవ్వ చూసి, "ఏమమ్మా, మేము తొక్కు నూరేదానికి ఆకు లేదంటే నువ్వు పురుగులకి పెట్టినావా!" అని తిట్టింది. మర్నాడు తనే గుప్పెడు కోసి తెచ్చి, "తిననీ, పాపం" అంది.

పచ్చటి పురుగులు ఆకుని గీకి తిన్నాయి. చీమలు పట్టాయని ఏడ్చాను గానీ, అవి కొరకలేదు, నాకుతూ చుట్టూ తిరిగాయి. తర్వాత పురుగులన్నీ పెసరగింజల్లా ముడుచుకున్నాయి. చివరికి వాటిలోంచి కొన్ని నీలివి వచ్చాయి, కొన్ని గోధుమవి. ఒక్క తల్లి పిల్లలే నాన్నగారూ! నీలిది మగది, గోధుమది ఆడది. రెక్కల అడుగున చూడండి, రెండింటికీ బూడిద రంగు మీద అవే నల్లచుక్కలు.

ఎగిరి గంతేశాను. నిజం తెలిసినందుకా, రాజ్యం తప్పినందుకా అని మాత్రం అడక్కండి.

చచ్చిపోయిన జంటని కాగితంలో మడిచి పంపుతున్నాను. రాజ్యాన్నే అతికించమనండి, దాని చెయ్యి వణకదు, ఆ మాట ఒప్పుకుంటాను. రెండింటినీ ఒకే పేజీలో వేయండి. దాని పేరు కొట్టేయమనను. పైన నాది రాయండి. వీలైతే మెత్తటి కుంచె ఒకటి పంపండి, దానికిచ్చింది కాదు, కొత్తది.

బామ్మకు, మామయ్యకు నా నమస్కారాలు చెప్పండి. అమ్మ దీవెన ఉంటే ఈ ఊరూ అలవాటవుతుంది. చెల్లాయికి ఆశీస్సులు. కళ్లజోడు చేతికి అందినా సరే, ఈ ఉత్తరం దానిచేతే పైకి చదివించుకోండి.

మీ పెద్దమ్మాయి,
జానకి