రొయ్యలు ఒలిచే చేతులు

శనివారం, రాత్రి

పొద్దున దుకాణంలో ఒక పెళ్లికూతురికి గాజులు తొడగబోయాను. నా వేళ్ల మీది పగుళ్లు చూసి వాళ్లమ్మ, "వద్దులే అక్కా, ఇంటికి పోయి మేమే ఏసుకుంటం" అని పిల్ల చెయ్యి వెనక్కి లాగింది. పదిహేనేళ్లుగా గాజులు తొడుగుతున్నాను. ఇట్లా ఎవరూ లాగలేదు.

సాయంత్రం డాక్టరమ్మను అడిగాను, ఆరు నెలలుగా రొయ్యలు తినడం మానేసినా వేళ్ల మీది ఈ ఎగ్జిమా ఎందుకు తగ్గదని.

"ఇంట్ల రొయ్యలు ఎవరు ఒలుస్తరు?" అంది.

నేనే. ప్రతి ఆదివారం కిలో, ఉత్త చేతులతో. తినకపోతే చాలనుకున్నాం అందరం.

"పచ్చి రొయ్యల నీళ్లు తగిలినా చర్మం మండుతది. గ్లౌజులు లేకుంట ముట్టకు. తినొచ్చో లేదో టెస్టు చేసినంక చెప్త."

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ నొచ్చుకుంది. "నీకు వేరే గిన్నె, వేరే గరిటె పెట్టిన గదా. గ్లౌజులేసుకుంటే రొయ్య వీపుల నల్ల నరం ఎట్ల తీస్తవ్?"

వేరే గిన్నె పెట్టిన మాట నిజమే. దారిలో కొన్న గ్లౌజులు ఇంకా బ్యాగులోనే ఉన్నాయి, కిలో రొయ్యలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.

పెళ్లికూతురికి పనికిరాని చేతులు రేపటి కూరకు పనికొస్తాయి.